తల దగ్గర మనిషి

మా ఇంటి ఆడవాళ్ళకు నోటికన్నా చెయ్యి ముందు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, అలాగని దాచుకునేదీ కాదు. పాలల్లో నీళ్ళు కలిపాడని మా అమ్మ పాలవాడిని సైకిలుతో సహా కాలవలోకి తోసింది. మా అక్క, గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు వాగిన ఇంటి యజమాని చొక్కా కాలరు ఊడబెరికింది. నా సంగతి ముందు ముందు మీరే చూస్తారు. కాబట్టి అక్క కూతురికి ఆ చెయ్యి రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వచ్చినందుకు ఎందుకు? దానికి వీధి పెట్టిన పేరు సివంగి. బడిలో రాయించిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో పిలిస్తే అది పలకదు.

అక్క జబ్బుచేసి పోయాక బావ పని వెతుక్కుంటూ ఎటో వెళ్ళిపోయాడు. పిల్ల మా దగ్గరే పెరిగింది. మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఎదుటివాడు తిడుతున్నా కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యడు. అంత నెమ్మదస్తుడు. మా ఇద్దరి మధ్యా ఆయన బతికి బట్టకట్టడమే ఒక వింత.

చదువు అయిందనిపించుకున్నాక సివంగి ఉద్యోగాల వేటలో పడింది. జీతం రాళ్ళ కోసమే అయితే ఏదో ఒకదాంట్లో పడి ఉండేది. దాని బాధ వేరు. "పొద్దున్నే లేచి వెళ్ళబుద్ధయ్యే పని నాకోసం ఒకటి ఎక్కడో ఉంది పిన్నీ. నాకింకా దొరకలేదు, అంతే," అనేది. "అది దొరికేలోపు నీ చేతికి ఎంతమంది దొరుకుతారో," అనేవాడు వాళ్ళ బాబాయి.

మొదట బట్టల కొట్టు. ఆ పని దానికి నచ్చింది. గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిస్తే అది జారుకుంటూ వెళ్ళిపోవడం ఎంత బాగుంటుందో ఇంటికొచ్చి చేతులు తిప్పి చూపించేది. ఆ కొట్టు మేనేజరుకు పక్క నుంచి వెళ్తూ ఆడపిల్లల భుజాలు గిల్లే అలవాటు. వాడు దీన్ని గిల్లలేదు, దీని పక్కన నిలబడే పిల్లను గిల్లాడు. ఆ పిల్ల తల దించుకుంది. ఇది గుడ్డలు కొలిచే ఇనప బద్ద తీసుకుని వాడి మూతి మీద కొట్టింది. పై పెదవి రెండుగా చీలి, ముందు పన్ను బల్ల మీదున్న తెల్ల తాను మీద పడింది. ఆ తాను మొత్తం పాడైందని దానికి రావాల్సిన జీతం ఎగ్గొట్టారు.

తర్వాత బేకరీ. పిండి పిసికే పని. తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి గుద్దుతుంటే లోపలి కోపమంతా పిండిలోకి పోతోందని సంబరపడింది. "ఇంక ఫరవాలేదు, కోపానికి దారి దొరికింది," అని నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను. అక్కడి పొయ్యి మాస్టరు నోరు మురికి కాలవ. ఒకరోజు రొట్టెలు అడుగు మాడాయని కాలుతున్న ట్రే దీని మీదికి విసిరాడు. మోచెయ్యి కింద తోలు ఊడి వచ్చింది. ఇది నేరుగా వెళ్ళి వాడి మెడ పట్టుకుని పిండి తొట్టిలో ముఖం కుక్కి నొక్కి ఉంచింది. వాడి కాళ్ళు గిలగిల కొట్టుకుని, కొట్టుకుని, నెమ్మదించాయి. నలుగురు కలిసి లాగితే గానీ ఇది వదల్లేదు. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది.

బ్యూటీపార్లరు గురించి ఎక్కువ చెప్పను. ఒక పెద్దింటావిడ కనుబొమ్మ సరిగ్గా కుదరలేదని దీని చెంప మీద ఒక్కటిచ్చింది. ఇది ఆవిడ జడను మెడ దగ్గరికి కత్తిరించి ఒళ్ళో పెట్టింది. "పోనీలే, ఈసారి రక్తం రాలేదు," అన్నాడు మా ఆయన. ఆయన ఎగతాళి చేస్తున్నాడో ఓదారుస్తున్నాడో నాకెప్పుడూ అర్థం కాదు.

అప్పుడు దొరికింది ఒక పెద్ద దుకాణంలో సెక్యూరిటీ ఉద్యోగం. నాలుగంతస్తుల దుకాణం, ఆడ దొంగలను పట్టుకోవడానికి ఆడ గార్డులు కావాలన్నారు. బూట్లు, బెల్టు, టోపీ ఇచ్చారు. పట్టుకున్నవాళ్ళను వెనక గదిలోకి తీసుకెళ్ళి మళ్ళీ రాకుండా బుద్ధి చెప్పాలని సూపర్‌వైజరు నోటితో చెప్పాడు, కాగితం మీద పెట్టలేదు. కొట్టమని జీతమిచ్చే ఉద్యోగం. దీని కోసమే పుట్టించినట్టుంది అనుకున్నాం ఇంట్లో.

ఒక సాయంత్రం అది ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా పెరట్లో కూర్చుని వాంతి చేసుకుంది. తర్వాత జరిగింది చెప్పింది. ఒకామె చంటిపిల్ల పాలడబ్బా చీరలో దాచుకుంటే పట్టుకుంది. వెనక గదిలో బెల్టు బిళ్ళతో కొట్టింది. మొదటి దెబ్బ ఉద్యోగం కోసం కొట్టింది. తర్వాతవి ఎందుకు కొట్టిందో దానికే తెలియదు. ఆమె కంటి పైన ఎముక విరిగింది. సూపర్‌వైజరు లోపలికొచ్చి చూసి, దీని భుజం తట్టి, "పనిమంతురాలివి" అన్నాడు.

"ఎప్పుడు కొట్టినా నాకు కొంచెం హాయిగా ఉండేది పిన్నీ," అంది. "ఇవాళ ఆమె ఏడవను కూడా లేదు. తల వంచుకుని కొట్టించుకుంది. నా చెయ్యి చూస్తే నాకే అసహ్యం వేసింది."

మర్నాడు అది వెళ్ళనంది. మూడోనాడు స్టేషనుకు పిలిచారు. ఆ పాలడబ్బా మనిషి తమ్ముడు ఫిర్యాదు చేశాడు. దుకాణం వాళ్ళు మేం కొట్టమనలేదని చేతులు దులుపుకున్నారు. ఇన్‌స్పెక్టరు మంచివాడో, పని తప్పించుకునేవాడో గానీ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేశాడు. వచ్చేటప్పుడు దీన్ని ఆపి, "ఇదిగో అమ్మాయ్, ఈ ఫిర్యాదు నా దగ్గరే ఉంటుంది. మళ్ళీ ఎవరి మీదైనా నీ చెయ్యి పడిందని తెలిస్తే రెండూ కలిపి కేసు రాస్తాను. ఈసారి ఉద్యోగం పోవడం కాదు, నువ్వే లోపలికి పోతావు," అన్నాడు.  

నేను పిచ్చాసుపత్రిలో దర్జీని. మానసిక వైద్యశాల అనాలట, బోర్డు మీద అలాగే ఉంది. మా వీధిలో మాత్రం ఎవరూ అలా అనరు. రోగులకు గౌన్లు కుడతాను. నాడా ఉండకూడదు, గుండీ ఉండకూడదు, జేబు ఉండకూడదు. చింపినా చిరగని గుడ్డకు రెండు వరసల కుట్టు. వీటితోపాటు బొంతలు కుడతాను. మనిషిని చుట్టేంత పెద్దవి, దళసరివి. ఎవరికైనా ఉన్మాదం లేచినప్పుడు ఆయాలు ఆ బొంతను గోడలాగా ముందు పట్టుకుని దగ్గరికి వెళ్తారు.

ఆడవాళ్ళ వార్డులో ఆయా ఖాళీ పడిందని విని నేను హెడ్ సిస్టరు దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆవిడకు సివంగి సంగతులన్నీ తెలుసు, ఊరంతా తెలుసు కదా. "నీకు మతిపోయిందా? కొట్టే మనిషిని తెచ్చి వీళ్ళ మధ్య పెట్టమంటావా?" అంది. "అమ్మా, అది కొట్టి కొట్టి విసిగిపోయింది. కొట్టకుండా ఉండటం ఎక్కడైనా నేర్పిస్తారంటే ఇక్కడే," అన్నాను. చివరికి ఆవిడ, "రోగి మీద వేలు పడిందా, స్టేషనుకు నేనే ఫోన్ చేస్తాను," అంది. సరేనన్నాను. ఇంటికొచ్చి దానికి చెప్తే, "పెనం మీంచి పొయ్యిలోకి తోస్తున్నావా పిన్నీ?" అంది. అయినా వెళ్ళింది.

దానికి పని నేర్పింది పెద్దమ్మ. ఎవరికీ చుట్టం కాదు, వార్డులో అందరికన్నా పాత ఆయా. రోగులు, ఆయాలు, డాక్టర్లు కూడా పెద్దమ్మ అనే పిలిచేవాళ్ళు. లావుపాటి మనిషి, చిన్న చిన్న పాదాలు, గొంతు మాత్రం వెన్న. ఉన్మాదంలో ఉన్న మనిషిని పట్టుకోవడం ఎలాగో మొదటి వారమంతా దీనికి చెప్పింది. చేతులకు ఇద్దరు, కాళ్ళకు ఒకరు, తల దగ్గర ఒకరు. మాట్లాడేది తల దగ్గర మనిషి ఒక్కతే. మిగతావాళ్ళు నోరు విప్పకూడదు, ఎందుకంటే రెండు గొంతులు వినబడితే ఆ మనిషికి చుట్టూ మంద ఉన్నట్టు అనిపిస్తుంది. అరచేత్తో పట్టుకోవాలి, బొటనవేలు మడవకూడదు. బిగించినకొద్దీ గుంజుకుంటారు. తల దగ్గర మనిషి ముఖం మీదికి వంగి, నెమ్మదిగా, ఒకటే మాట అంటూ ఉండాలి. పెద్దమ్మ మాట "ఏం కాదు, నేనున్నా." ఆ రెండు ముక్కలు ఆమె అనగానే ఎంతటి మనిషైనా చప్పున చల్లారిపోయేది. నేను వార్డు కిటికీలోంచి చూసి ఎన్నోసార్లు ముక్కున వేలేసుకున్నాను.

సివంగి రోజూ ఏదో ఒక దెబ్బతో ఇంటికొచ్చేది. భుజం మీద పంటి గాట్లు, చెంపల మీద గోళ్ళ చారలు, ఒకసారి పిడికెడు జుట్టు ఊడి నెత్తిన చర్మం కనబడింది. "కొట్టించుకు రావడానికి కూడా జీతమిస్తారా?" అన్నాడు మా ఆయన. అది నవ్వింది. ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి అది నవ్వడం అదే మొదలు.

"వాళ్ళు కొట్టేది నన్ను కాదు బాబాయ్," అంది. "నా వెనకాల ఇంకెవరో నిలబడి ఉన్నట్టు, వాళ్ళను కొడుతుంటారు. నా మీద పగేం ఉండదు. పట్టుకుంటే లోపల్నుంచి వణుకు తెలుస్తుంది. ఆ వణుకు తగ్గేదాకా వదలకూడదు. తగ్గినప్పుడు నాక్కూడా లోపల ఏదో తగ్గుతుంది."

"మరి నీకు కొట్టాలనిపించదా?" అని నేను అడిగాను.

"అనిపిస్తుంది. రోజూ. పెద్దమ్మను చూసి ఆపుకుంటాను. ఎప్పటికైనా ఆవిడలాగా తల దగ్గర నిలబడాలి పిన్నీ."

ఇన్ని ఉద్యోగాలు తిరిగిన పిల్ల ఫలానా పని కావాలని నోరు తెరిచి అడగడం నేను అప్పుడే విన్నాను. దేవుడా, ఇది ఒక్కటి నిలబెట్టు అనుకున్నాను. నిలబడకపోతే ఇంక ఏ తలుపూ లేదు, స్టేషను తలుపు తప్ప.

ఆ వార్డులో రైలమ్మ అని ఒకామె ఉండేది. ఎవరు కనబడినా "రైలొచ్చిందా?" అని అడిగేది కాబట్టి ఆ పేరు. ఎత్తైన మనిషి, ఎముకలు ఇనప కడ్డీలు. రాలేదంటే ఊరుకునేది, ఒక్కోసారి ఊరుకునేది కాదు. కొత్త గౌనుకు కొలతలు తియ్యడానికి ఆమెను నా గదికి తీసుకొచ్చారు. వీపు మీద టేపు పెట్టగానే గోడకు అతుక్కుపోయింది. గౌను కొంచెం ఎత్తి చూశాను. నడుము నుంచి భుజాల దాకా ఊదా రంగు వాపులు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. చర్మం మాత్రం ఎక్కడా చిట్లలేదు. పడితే అలా కాదు. నాదీ కొట్టిన చెయ్యే, కొడితే ఎలా ఉంటుందో నాకు తెలియదా?

మధ్యాహ్నం సివంగితో చెప్పాను. "స్నానానికి ఈమెను ఎవరు తీసుకెళ్తారే?" అని అడిగాను.

"పెద్దమ్మ," అని, నా ముఖం చూసి అర్థం చేసుకుని భగ్గుమంది. "పిన్నీ, నీకు లోకంలో మంచి మనిషే కనబడదా? నాకు ఒక్క మనిషి నచ్చితే చాలు, ఆ మనిషిలో పురుగులు వెతుకుతావు. మంచం మీంచి పడి ఉంటుంది." నా బల్ల మీదున్న దారపుండలన్నీ చేత్తో ఊడ్చి కిందపడేసి వెళ్ళిపోయింది. నేను కూడా ఊరుకునే రకం కాదు, దాని వెనకాల తిట్లన్నీ పంపించాను. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మా ఆయన మధ్యలో కూర్చుని గడియారాలతో మాట్లాడుకున్నాడు.

మూడో రోజు పొద్దున్న, స్నానాల వేళ. నా గది కిటికీకి ఎదురుగా చిన్న వాకిలి, ఆ వాకిలి అవతల వార్డు స్నానాల గదుల ఇనప తలుపులు. సివంగి ఉతికిన గౌన్లు తీసుకోవడానికి నా గదివైపు వస్తోంది. వాకిలి మధ్యలో ఆగిపోయింది. లోపల్నుంచి మెత్తటి చప్పుడు, తడి బట్ట బండ మీద వేసి ఉతికినట్టు. అయితే ఆ గదిలో బట్టలు ఉతకరు. అది తలుపు తోసింది.

రైలమ్మ మూలన కూలబడి ఉంది, ఒంటి మీద నూలుపోగు లేదు. పెద్దమ్మ చేతిలో తడిపి ముడేసిన తువ్వాలు. ఆ ముడితో వీపు మీద, నడుము మీద కొడుతోంది, తొందర లేకుండా. పిండి దంచే మనిషికి కూడా అంతకంటే ఆయాసం వస్తుంది. రైలమ్మ అరవడం లేదు. అరవకూడదని నేర్చుకున్నట్టుంది.

"పెద్దమ్మా, ఆ తువ్వాలు ఇలా ఇవ్వు," అంది సివంగి.

"బయటికి పో. ఇది నీకింకా తెలియని పని."

"నాకు నేర్పలేదుగా."

"ఇప్పుడు నేర్చుకో అయితే." పెద్దమ్మ గొంతు ఏమాత్రం మారలేదు, అదే వెన్న. "నేను ఏం కాదు అనగానే వీళ్ళెందుకు అణిగిపోతారనుకున్నావే? నా గొంతు తియ్యగా ఉందనా? ఆ గొంతు వెనకాల ఈ తువ్వాలుంది. ఇది లేకుండా నువ్వు తల దగ్గర నిలబడి చూడు, ముక్కు కొరికి చేతిలో పెడతారు."

నేను కిటికీలోంచి సివంగిని పక్కనుంచి చూస్తున్నాను. దాని ముఖంలో నెత్తురంతా దిగిపోయింది. తండ్రి వెళ్ళిపోయిన రోజున కూడా దాని ముఖం అలా లేదు. పిడికిలి లేచింది. ఆ పిడికిలి నాకు తెలుసు, మా అమ్మది, మా అక్కది. అయిపోయింది అనుకున్నాను. ఉద్యోగం పోయింది, కేసు వచ్చింది, పిల్ల జైలుకు పోయింది, అన్నీ ఆ ఒక్క క్షణంలో నా కళ్ళ ముందు తిరిగాయి.

పిడికిలి గాలిలో ఆగింది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. అది చెయ్యి దించి, వెళ్ళి రైలమ్మకూ పెద్దమ్మకూ మధ్య నిలబడింది.

పెద్దమ్మ కొట్టడం ఆపలేదు. తువ్వాలు ముడి దీని ముఖం మీద పడింది. పెదవి చిట్లింది. రెండోది చెవి మీద పడింది. ఇది ముందుకు జరిగి, పెద్దమ్మ వెనక్కి చేరి, ఆమె నేర్పిన పట్టే ఆమెకు వేసింది, అరచేతులతో, బొటనవేళ్ళు మడవకుండా. పెద్దమ్మ తల వెనక్కి విసిరి దీని ముక్కు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. నెత్తురు పెద్దమ్మ తెల్ల జుట్టులోకి కారుతోంది. అయినా ఇది వదల్లేదు, గుమ్మం దాకా లాక్కొచ్చింది. అక్కడ తడి గచ్చు మీద కాలు జారింది. పెద్దమ్మ విడిపించుకుని బయటికి దూకింది. ఇది పడిపోకుండా గుమ్మం చట్రం పట్టుకుంది. పెద్దమ్మ అది చూసింది. చూసే ఇనప తలుపు లాగి వేసింది. దాని కుడి చెయ్యి తలుపు సందులో పడింది. పెద్దమ్మ తలుపు తెరిచి మళ్ళీ వేసింది.

అప్పటికి నేను వాకిట్లో ఉన్నాను. కిటికీ దూకానో, తలుపులోంచే వచ్చానో గుర్తులేదు. చేతిలో గుడ్డలు కొలిచే కర్ర గజం ఉంది. మొదటి దెబ్బ పెద్దమ్మ మెడకూ భుజానికీ మధ్య పడింది. ఆమె మోకాళ్ళ మీద కూలింది. దానికి నాకేం పశ్చాత్తాపం లేదు, ఎవరడిగినా ఇదే చెప్తాను. రెండో దెబ్బ తల మీద వెయ్యాలని కర్ర పైకెత్తాను. ఆ దెబ్బ పడి ఉంటే ఆమె లేచేది కాదు. ఆమెను చంపాలనే ఎత్తాను.

"పిన్నీ."

ఆ గొంతు ఎవరిదో నాకు ముందు తెలియలేదు. మా ఇంట్లో నన్ను అలాంటి గొంతుతో పిలిచినవాళ్ళు లేరు. గుమ్మంలో కూలబడి, నలిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, ముక్కులోంచి నోట్లోకి నెత్తురు కారుతుంటే, అది నావైపు చూస్తోంది.

"పిన్నీ, ఆవిడను చూడకు. నన్ను చూడు. నన్నే చూడు. చెయ్యి దించు. తొందరేం లేదు. నెమ్మదిగా దించు. నేనిక్కడే ఉన్నాను."

నేను దాన్ని తిట్టాలనుకున్నాను. నోరు మూసుకోవే, నీ చేతి వేళ్ళు చూసుకున్నావా అందామనుకున్నాను.  అది మళ్ళీ అదే అంది, అంతే నెమ్మదిగా. ఎన్నిసార్లు అందో తెలియదు. నా ఒళ్ళంతా వణుకుతోందని అప్పుడు తెలిసింది. కర్ర కిందపడింది. మా ఆయన ఇన్నేళ్ళ కాపురంలో నా చెయ్యి ఒక్కసారి కూడా దించలేకపోయాడు. ఆపి, పక్కకు తిప్పి, తప్పించుకున్నాడు గానీ దించలేదు. నేను వాకిట్లో కూర్చుని ఏడ్చాను.

విచారణ అన్నారు. సివంగే ముందు మీద పడిందనీ, స్టేషనులో దాని పేరు అంతకుముందే ఉందనీ పెద్దమ్మ చెప్పింది. మిగతా ఆయాలు మాకేం తెలియదన్నారు. తెలుసు, అందరికీ తెలుసు. రైలమ్మ వీపు చూశాక డాక్టర్లకు ఎవరి నోటి మాటా అవసరం లేకపోయింది. హెడ్ సిస్టరు దీన్ని నిలదీసి, "నువ్వు ఆవిడను కొట్టావా?" అని అడిగింది.

"లేదు."

"కొట్టాలనిపించిందా?"

"చంపాలనిపించింది."

హెడ్ సిస్టరు తల ఊపింది. స్టేషనుకు ఫోన్ చేసింది, కానీ దీని గురించి కాదు. పెద్దమ్మను పంపించేశారు. నాకు మెమో ఇచ్చారు, మర్యాదగా పుచ్చుకున్నాను.

దాని కుడి చేతి వేళ్ళలో రెండు ఇంక ముడుచుకోవని డాక్టర్లు చెప్పారు. ఆ చేత్తో ఇంక ఎవరినీ పట్టుకునే వీల్లేదు. బట్టల గదిలో కూర్చోబెడతామని హెడ్ సిస్టరు దయతలిచింది. అది వద్దంది. "పట్టుకోవడానికి వేళ్ళు కావాలి గానీ తల దగ్గర నిలబడటానికి అక్కర్లేదు కదా," అంది. ఆయాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ వెళ్ళాక తల దగ్గరికి వెళ్ళడానికి వాళ్ళల్లో ఎవరికీ ధైర్యం లేదు. ఈ ఆయాల గొంతులు రోగులెవరూ వినడం లేదు. పెద్దమ్మ చెప్పింది నిజమేనని, తువ్వాలు లేకపోతే గొంతుకు విలువ లేదని వాళ్ళు నమ్మారు. ఎవరికీ చెప్పలేదు గానీ నేను కూడా సగం నమ్మాను.

చేతికి కట్టు ఉండగానే అది డ్యూటీకి వెళ్ళింది. ఆ పొద్దున్నే రైలమ్మకు ఉన్మాదం లేచింది. స్నానాల గది తలుపు చప్పుడు వింటే చాలు, ఇప్పుడామెకు లేస్తుంది. మంచం తలకిందులు చేసి, ఒక ఆయా మోచెయ్యి కొరికి, గోడకు తల బాదుకుంటోంది. బొంత పట్టుకుని ముగ్గురు వెళ్ళారు. కాళ్ళు, చేతులు దొరికించుకున్నారు. సివంగి తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వంగి, "నన్ను చూడు. తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నాను," అంది. రైలమ్మ దాని ముఖం మీద ఉమ్మింది. నుదుటితో కొట్టింది. ఇంకా మానని ముక్కు మళ్ళీ చిట్లింది. పట్టుకున్న ఆయాల్లో ఒకతి, "నీవల్ల కాదులే, లేచి రా," అంది. సివంగి ఆమెవైపు చూడలేదు. నెత్తురు రైలమ్మ మీద పడకుండా భుజానికి తుడుచుకుని, మళ్ళీ అదే మాట మొదలుపెట్టింది.

పెద్దమ్మ అయితే ఒక్క నిమిషంలో చల్లార్చేది. ఇది అన్నకొద్దీ రైలమ్మ ఇంకా గింజుకుంది. అలసిపోయినప్పుడు ఆగేది, మళ్ళీ మొదలుపెట్టేది. ఆయాలు వంతులు మారారు. ఇది మారలేదు. నా మిషను చప్పుడుకు దాని గొంతు మునిగిపోతోందని మిషను ఆపేసి వెళ్ళి వార్డు కిటికీ దగ్గర నిలబడ్డాను. అరుపుల మధ్యలో ఒకే ఎత్తులో ఆ గొంతు వినబడుతోంది, పైకి పోదు, కిందికి రాదు. మా అమ్మకు లేదు, మా అక్కకు లేదు, నాకు ఈ జన్మకు రాదు. ఎక్కడినుంచి తెచ్చుకుందో తెలియదు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. నా కాళ్ళు పీకుతున్నా అక్కడే నిలబడ్డాను. రైలమ్మ గింజుకోవడం మాని ఏడుస్తోంది, గట్టిగా, నోరు తెరుచుకుని. ఆమె ఏడవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆయాలు నెమ్మదిగా చేతులు తీసేశారు. తల దగ్గర మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉంది.